స్మార్ట్‌ఫోన్ లోపల ఏం మారుతోంది, చుట్టూ ఏం చేరుతోంది

శాంసంగ్ 2020లో తెచ్చిన గెలాక్సీ ఎస్20 అల్ట్రాలో బ్యాటరీ 5,000 ఎంఏహెచ్. 2025లో వచ్చిన ఎస్25 అల్ట్రాలోనూ అంతే. ఈ మధ్యలో ప్రాసెసర్ ఐదుసార్లు మారింది, మెయిన్ కెమెరా 108 మెగాపిక్సెళ్ల నుంచి 200కి వెళ్లింది, ఏటా వేదిక మీద ఇంతకుముందెన్నడూ చూడని ఫోన్ ఇదేనన్న మాట వినబడుతూనే ఉంది. బ్యాటరీ అంకె మాత్రం కదల్లేదు. అదే కాలంలో కొన్ని చైనా కంపెనీల ఫోన్లు పెద్దగా లావెక్కకుండానే 7,000 దాటేశాయి. అమ్మేది ఒకే రకం వస్తువు అయినప్పుడు ఇంత తేడా ఎలా వచ్చిందన్న ప్రశ్న వెంట పోతే, ఫోన్లలో ఇప్పుడు నిజంగా జరుగుతున్న మార్పు ఎక్కడుందో కనిపిస్తుంది. అది ఎక్కువగా కంటికి కనబడని చోట్ల జరుగుతోంది.

ముందు మార్కెట్ సంగతి. మార్కెట్ పరిశోధన సంస్థ ఐడీసీ లెక్కల ప్రకారం ప్రపంచంలో స్మార్ట్‌ఫోన్ల సరఫరా 2016లో దాదాపు 147 కోట్లకు చేరింది. ఆ తర్వాత మళ్లీ అంత ఎత్తు చూడలేదు. 2023లో 117 కోట్లకు పడిపోయి, 2024లో 124 కోట్ల దాకా కోలుకుంది. అంటే దాదాపు పదేళ్లుగా ఇది పెరుగుతున్న వ్యాపారం కాదు, పాత ఫోన్ స్థానంలో కొత్తది కొనిపించే వ్యాపారం. చిక్కేమిటంటే పాత ఫోన్ పాడవట్లేదు. మూడేళ్ల కిందటి మంచి ఫోన్‌లో మెసేజీలు, వీడియోలు, మ్యాపులు, చెల్లింపులు అన్నీ ఇబ్బంది లేకుండా నడుస్తున్నాయి. అందుకే కంపెనీలు కొత్త కారణాలు వెతుక్కుంటున్నాయి. కొన్ని కారణాలు గట్టివే. కొన్ని వేదిక దిగేలోపే తేలిపోయేవి.

బ్యాటరీలోకి సిలికాన్

లిథియం అయాన్ బ్యాటరీని ఛార్జింగ్‌లో పెట్టినప్పుడు లిథియం అయాన్లు ఒక ఎలక్ట్రోడ్ నుంచి బయల్దేరి రెండోదానిలోకి, అంటే ఆనోడ్‌లోకి, వెళ్లి చేరతాయి. ఫోన్ వాడుతున్నప్పుడు అవే వెనక్కి వస్తాయి. ఆనోడ్‌లో ఎన్ని అయాన్లకు చోటుంటే బ్యాటరీ అంత నిలుస్తుంది. దాదాపు ముప్పై ఏళ్లుగా ఆనోడ్ అంటే గ్రాఫైటే. గ్రాఫైట్‌కు గ్రాముకు 372 మిల్లీ ఆంపియర్ అవర్లు అనే హద్దుంది. ఎంత గొప్ప ఫ్యాక్టరీలో చేసినా అది దాటదు. సిలికాన్‌కైతే ఆ హద్దు, కాగితం మీద, 3,500కు పైనే. దాదాపు పది రెట్లు.

మరి ఇన్నాళ్లూ ఎందుకు వాడలేదు? సిలికాన్ లిథియంను పీల్చుకున్నప్పుడు విపరీతంగా ఉబ్బుతుంది. ఛార్జింగ్ నిండేసరికి పరిమాణం మూడు నాలుగు రెట్లవుతుంది, దిగేసరికి మళ్లీ కుంచించుకుపోతుంది. రోజూ ఇలా ఉబ్బి తగ్గితే పగుళ్లొస్తాయి. పగిలిన చోటల్లా కొత్త ఉపరితలం బయటపడి ఎలక్ట్రోలైట్‌తో, అంటే రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఉండే ద్రవంతో, చర్య జరుపుతుంది, అందులో కొంత లిథియం శాశ్వతంగా చిక్కుకుపోతుంది. కొద్ది నెలల్లోనే బ్యాటరీ నీరసపడిపోతుంది. దీనికి దొరికిన ఉపాయం, సిలికాన్‌ను అతి సన్నని రేణువులుగా చేసి, సందులున్న కార్బన్ చట్రంలో ఇరికించడం. ఉబ్బడానికి లోపలే చోటుంటుంది కాబట్టి బయటి చట్రం పగలదు. దీన్నే సిలికాన్ కార్బన్ బ్యాటరీ అంటున్నారు. హానర్ 2023లో మ్యాజిక్5 ప్రో చైనా మోడల్‌తో దీన్ని ఫోన్లలోకి తెచ్చింది. వన్‌ప్లస్ 13లో 6,000 ఎంఏహెచ్ వస్తే, 2025 చివర్లో వన్‌ప్లస్ 15లో అది 7,300 అయింది. ఈ ఆనోడ్‌లలో సిలికాన్ ఇంకా తక్కువ పాలే, మిగతాదంతా కార్బన్. ఆ కొద్దిపాటితోనే ఇంత తేడా వచ్చిందంటే ముందు ముందు ఇంకా వచ్చేది ఉందనే అర్థం.

యాపిల్, శాంసంగ్ వెనకాడటానికి కారణాలు లేకపోలేదు. 2016లో గెలాక్సీ నోట్ 7 బ్యాటరీలు అంటుకుని, అమ్మిన ఫోన్లన్నీ వెనక్కి తెప్పించుకోవాల్సి వచ్చిన అనుభవం శాంసంగ్‌ది. కోట్లలో అమ్ముడయ్యే మోడల్‌లో రెండేళ్ల తర్వాత బ్యాటరీలు ఉబ్బడం మొదలైతే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. ఇంకో కారణం ఎవరూ పెద్దగా మాట్లాడుకోనిది: రవాణా నిబంధనలు. ఒక్కో బ్యాటరీ సెల్ శక్తి 20 వాట్ అవర్లు దాటితే దాన్ని పూర్తిస్థాయి ప్రమాదకర సరుకుగా లెక్కగట్టి రవాణా చేయాలి, ఖర్చు పెరుగుతుంది. ఫోన్ బ్యాటరీ ఓల్టేజీతో లెక్క వేస్తే ఆ 20 వాట్ అవర్లు 5,100, 5,200 ఎంఏహెచ్ ప్రాంతంలో తేలతాయి. ఒకే ఫోన్ ఒక దేశంలో పెద్ద బ్యాటరీతో, ఇంకో దేశంలో చిన్న బ్యాటరీతో అమ్ముడవడం వెనక తరచూ ఉండేది ఈ లెక్కే. లోపల రెండు సెళ్లుగా విడగొట్టి ఈ గీత దాటకుండా చూసుకునే కంపెనీలూ ఉన్నాయి.

అయినా ఐదేళ్లపాటు ఒకే అంకె మీద కూర్చోవడాన్ని జాగ్రత్త ఒక్కటే వివరించలేదు. పోటీ గట్టిగా ఉన్న మార్కెట్లలో బ్యాటరీ పెరిగింది. రెండు పేర్లే రాజ్యమేలే చోట పెరగలేదు.

ఈ నేపథ్యంలో చూస్తే 2025లో వచ్చిన సన్నటి ఫోన్ల తరహా కాస్త వింతగానే కనిపిస్తుంది. గెలాక్సీ ఎస్25 ఎడ్జ్ మందం 5.8 మిల్లీమీటర్లు, బ్యాటరీ 3,900 ఎంఏహెచ్. ఐఫోన్ ఎయిర్ 5.6 మిల్లీమీటర్లు, బ్యాటరీ 3,149. చేతిలో పట్టుకుంటే ముచ్చటగా ఉంటాయి, ఆ మాట కాదనలేం. కానీ కేసు తొడిగాక ఆ సన్నదనం ఎవరికి కనబడుతుంది? రెండింటికీ అనుకున్నంత గిరాకీ రాలేదనే వార్తలే ఎక్కువగా వచ్చాయి. ఈ ప్రయోగాల అసలు ఉపయోగం వేరే చోట ఉంది. పలచటి బోర్డులు, పలచటి బ్యాటరీలు తయారుచేయడం నేర్చుకుంటే అవి మడతఫోన్లలో పనికొస్తాయి. మడిస్తే మందం రెట్టింపవుతుంది కాబట్టి అక్కడ ప్రతి పదో వంతు మిల్లీమీటరూ లెక్కే. 2019లో మొదటి గెలాక్సీ ఫోల్డ్ బరువు 276 గ్రాములు, మడిస్తే కీలు దగ్గర మందం 17 మిల్లీమీటర్లు. 2025 నాటి ఫోల్డ్7 బరువు 215 గ్రాములు, మడిచినా మందం 8.9 మిల్లీమీటర్లే. మొదటి ఫోల్డ్‌ను పరీక్షకు తీసుకున్న విలేకరులు కొందరు స్క్రీన్ మీది పొరను స్టిక్కర్ అనుకుని పీకేశారు, స్క్రీన్లు పోయాయి, విడుదలే నెలల తరబడి వాయిదా పడింది. అక్కడి నుంచి ఇక్కడికి రావడం చిన్న విషయం కాదు. హువావే 2024లో మూడు మడతల ఫోన్ కూడా తెచ్చింది. ఇంత చేసినా మొత్తం అమ్మకాల్లో మడతఫోన్ల వాటా చాలా తక్కువే. ఇంజినీరింగ్ గెలిచింది, జనానికి అవసరం ఇంకా కలగలేదు.

ఏఐ ఫోన్‌లో నడవాలంటే

ఇప్పుడు ఏ ఫోన్ పెట్టె మీద చూసినా ఏఐ అనే మాటే. గూగుల్ 2023 డిసెంబర్లో పిక్సెల్ 8 ప్రోలో జెమినై నానో అనే చిన్న మోడల్‌ను ఫోన్‌లోనే నడిపింది. 2024 జనవరిలో శాంసంగ్ గెలాక్సీ ఏఐ వచ్చింది, అదే ఏడాది జూన్‌లో యాపిల్ ఇంటెలిజెన్స్ ప్రకటన వచ్చింది. వీటిలో కొన్ని పనులు ఫోన్‌లోనే జరుగుతాయి, కొన్ని ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వర్లకు వెళ్లి వస్తాయి. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. ఫోన్‌లోనే జరిగితే మాటలు, ఫొటోలు బయటికి పోవు, నెట్ లేకపోయినా పని అవుతుంది. సర్వర్‌కు వెళ్తే మోడల్ తెలివైనదే కానీ డేటా చేయి దాటుతుంది. ప్రకటనల్లో ఈ గీతను కావాలనే చెరిపేస్తున్నట్టు అనిపిస్తుంది. కొత్త ఫోన్ సెట్టింగుల్లో ఏఐ విభాగం తెరిచి, ఏ పనులు ఫోన్‌లోనే చేయించుకోవచ్చో చూసుకోవడం కష్టమేం కాదు. కొన్ని ఫోన్లలో అలా నియంత్రించే ఆప్షన్ ఉంది.

ఫోన్‌లో భాషా మోడల్ నడవడానికి అడ్డం పడేది ప్రాసెసర్ వేగం అనుకుంటారు చాలామంది. నిజానికి ఇరుకు మెమరీ దగ్గరుంది. యాపిల్ ఫోన్‌లో నడిపే మోడల్‌లో సుమారు 300 కోట్ల పరామీటర్లున్నాయి. పరామీటర్ అంటే మోడల్ నేర్చుకున్న ఒక అంకె. ఒక్కోదాన్ని నాలుగు బిట్లకు కుదించి దాచినా మొత్తం ఒకటిన్నర జీబీ అవుతుంది. మోడల్ ఒక మాట ముక్కను బయటికి తీసిన ప్రతిసారీ ఈ ఒకటిన్నర జీబీ మొత్తాన్నీ మెమరీలోంచి చదవాలి. ఒక్కో పదం రాయడానికి పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిరగేయడం లాంటిదే ఇది. మంచి ఖరీదైన ఫోన్‌లో మెమరీ సెకనుకు 70 జీబీ దరిదాపుల్లో అందించగలదు. భాగిస్తే, ఎంత బాగా నడిచినా సెకనుకు నలభై, యాభై ముక్కలు. మోడల్‌ను పది రెట్లు పెద్దది చేస్తే సెకనుకు నాలుగైదే వస్తాయి, పైగా అంత మోడల్ పట్టే ర్యామ్ చాలా ఫోన్లలో ఉండదు. అందుకే ఫోన్‌లో ఉండే మోడళ్లు మెసేజీ సారాంశం చెప్పడం, వాక్యం సరిచేయడం, కాల్ రికార్డింగ్‌ను రాతలోకి మార్చడం లాంటి పనులకు బాగుంటాయి. లోకజ్ఞానం అడిగితే తడబడతాయి.

ర్యామ్ విషయంలో ఐఫోన్ కొన్నవాళ్లకు ఒక అనుభవం ఎదురైంది. 2023 సెప్టెంబర్లో వచ్చిన ఐఫోన్ 15, 15 ప్లస్‌లలో ర్యామ్ 6 జీబీ. తొమ్మిది నెలలకు ప్రకటించిన యాపిల్ ఇంటెలిజెన్స్ ఆ రెండింటికీ రాలేదు. 8 జీబీ ఉన్న 15 ప్రో మోడళ్లకే వచ్చింది. ఏడాది తిరక్కుండానే కొత్త ఫోన్ ఒక కొత్త గీతకు అవతల ఉండిపోయింది.

ఇక ఆ పనుల నాణ్యత సంగతి. నోటిఫికేషన్లను ఒక్క వాక్యంలోకి కుదించే యాపిల్ ఫీచర్ వార్తల శీర్షికలను కలిపేసి జరగని సంగతిని జరిగినట్టు చూపించింది. బీబీసీ ఫిర్యాదు చేశాక, 2025 జనవరిలో వార్తల యాప్‌లకు ఆ సారాంశాలను ఆపేశారు. వాడేవాళ్ల సొంత సమాచారాన్ని అర్థం చేసుకుని పనులు చేసిపెట్టే సిరిని 2024లో చూపించారు, 2025 మార్చిలో ఆలస్యమవుతుందని ప్రకటించారు. యాపిల్ ఒక్కదాని వైఫల్యంగా దీన్ని చూడనక్కర్లేదు. భాషా మోడల్ పదిలో తొమ్మిదిసార్లు సరిగ్గా చెప్పినా చాలనిపించే పనులున్నాయి, పదిలో ఒక్కసారి తప్పినా కొంప మునిగే పనులున్నాయి. టికెట్ బుక్ చేయడం, డబ్బు పంపడం, వార్త చెప్పడం రెండో రకానివి. కంపెనీలు ఈ రెండింటినీ ఒకే ఉత్సాహంతో చూపిస్తున్నాయి.

చడీచప్పుడు లేకుండా నిలదొక్కుకున్న ఏఐ కెమెరాలో ఉంది. రాత్రి ఫొటో తీస్తే ఫోన్ గబగబా చాలా ఫ్రేములు తీసి, చేయి వణికిన కొద్దిపాటి తేడాలు సరిచేసి, అన్నిటినీ కలిపి ఒకటి చేస్తుంది. 200 మెగాపిక్సెళ్ల సెన్సార్ మామూలుగా ఇచ్చేది 200 కాదు, పదహారు పిక్సెళ్లను ఒకటిగా కలిపి ఇచ్చే పన్నెండున్నరే. ఇదంతా ఉన్న వెలుగును పొదుపుగా వాడుకోవడం. ఉన్నదాన్ని మెరుగుపరచడం దాటి లేనిదాన్ని ఊహించి గీయడంలోకి జారితేనే తగాదా. 2023 మార్చిలో ఒకరు చంద్రుడి ఫొటోను కావాలనే మసకబార్చి కంప్యూటర్ స్క్రీన్ మీద పెట్టి శాంసంగ్ ఫోన్‌తో తీస్తే, మసకలో లేని మచ్చలు, గుంటలు ఫొటోలో ప్రత్యక్షమయ్యాయి. 2025 నాటి పిక్సెల్ 10 ప్రో 100 రెట్ల జూమ్‌లో, లేని వివరాలను ఊహించి గీసే జెనరేటివ్ మోడల్ వాడుతున్నామని గూగుల్ దాచకుండా చెప్పింది. ఫొటో ఎలా తయారైందో తెలిపే సమాచారాన్ని అదే ఫైల్‌లో ముద్రవేసి పంపే సీ2పీఏ పద్ధతి కూడా ఆ ఫోన్లలో ఉంది. రేపు కోర్టులోనో, బీమా కంపెనీలోనో ఒక ఫొటోను సాక్ష్యంగా చూపాల్సి వస్తే ఈ ముద్ర ఎంత అవసరమో తెలుస్తుంది.

మెమరీ కరువు

ఫోన్‌లో ఏఐ కావాలంటే ర్యామ్ పెంచాలి. సరిగ్గా అప్పుడే ర్యామ్ ప్రియమైంది, అదీ ఏఐ వల్లే. ప్రపంచంలో ర్యామ్‌కు వాడే డీర్యామ్ చిప్‌లలో అత్యధికం తయారుచేసేది శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడే కంపెనీలు. డేటా సెంటర్లలోని ఏఐ చిప్‌లకు హెచ్‌బీఎం అనే ప్రత్యేక మెమరీ కావాలి. అందులో లాభం ఎక్కువ, కాబట్టి ఫ్యాక్టరీలు అటు తిరిగాయి. ఫోన్లకు, కంప్యూటర్లకు వెళ్లే మామూలు మెమరీకి కొరత పడి, 2025 చివర్లో ధరలు ఎగిశాయి. మామూలు కొనుగోలుదారులకు మెమరీ అమ్మే క్రూషియల్ అనే బ్రాండ్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబర్లో ప్రకటించింది. 2026 ఫోన్ అమ్మకాల అంచనాలను పరిశోధన సంస్థలు తగ్గించుకున్నాయి. దెబ్బ ముందు తగిలేది చవక ఫోన్లకే. ఖరీదైన ఫోన్‌లో మెమరీ ధర పెరిగినా లాభంలో సర్దుకోవచ్చు, చవక ఫోన్‌లో ఆ మార్జిన్ ఉండదు. ధర పెంచాలి, లేదంటే ర్యామ్ తగ్గించాలి. ఇన్నేళ్లుగా ఏటా అదే డబ్బుకు కాస్త మంచి ఫోన్ దొరకడం అలవాటైనవాళ్లకు ఇది కొత్త.

ఫోన్‌ను తప్పిస్తామన్నవి, ఫోన్‌ను ఆనుకున్నవి

యాపిల్‌లో పనిచేసి బయటికొచ్చినవాళ్లు పెట్టిన హ్యుమేన్ కంపెనీ 2024 ఏప్రిల్లో ఏఐ పిన్ అమ్మడం మొదలుపెట్టింది. చొక్కాకు తగిలించుకుని మాట్లాడాలి, జవాబును చిన్న లేజర్ వెలుగుతో అరచేతి మీద చూపిస్తుంది. జవాబు నెమ్మది, వేడెక్కడం, ఎండలో అరచేతి మీది అక్షరాలు కనబడకపోవడం, దీనికితోడు నెలనెలా చందా. 2025 ఫిబ్రవరిలో ఆ కంపెనీ ఆస్తులను హెచ్‌పీ కొనేసింది, ఆ నెలాఖరుకు పిన్‌లు పనిచేయడం మానేశాయి. సర్వర్ ఆగిపోతే వస్తువు చచ్చిపోయే రకం గ్యాడ్జెట్‌లు కొనేవాళ్లు ఆ తేదీని గుర్తుంచుకోవాలి. 2024లోనే వచ్చిన ర్యాబిట్ ఆర్1 అనే మరో ఏఐ గ్యాడ్జెట్ లోపల ఉన్నది ఆండ్రాయిడ్ మీద నడిచే ఒక యాప్ అని కొద్దిరోజుల్లోనే బయటపడింది. అంటే ఆ పని ఫోనే చేయగలదు.

ఈ రెండింటి లోపం అవి చిన్నవి కావడం కాదు. ఫోన్‌లో ఉన్న కాంటాక్టులు, మెసేజీలు, చెల్లింపులు, స్క్రీన్ అన్నీ వదిలేసి ఒంటరిగా బతకాలనుకోవడం. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ 2025 మేలో, ఐఫోన్ రూపకర్త జానీ ఐవ్ స్థాపించిన ఐఓ కంపెనీని దాదాపు 650 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. అక్కడి నుంచి వచ్చేది ఏదైనా ముందుగా ఈ చిక్కుముడినే విప్పాలి.

ఫోన్‌ను ఆనుకుని బతికే వస్తువుల కథ వేరు. రే-బాన్ మెటా కళ్లజోడు 2023 అక్టోబర్లో మొదలైతే, 2025 ఫిబ్రవరికి 20 లక్షల జతలు అమ్మామని తయారీదారు ఎస్సిలోర్‌లక్సోటికా చెప్పింది. అందులో స్క్రీన్ లేదు. కెమెరా, మైకులు, చెవి దగ్గర స్పీకర్లు, అంతే. మిగతా బరువు పనంతా జేబులోని ఫోన్‌ది, దాని వెనకున్న సర్వర్లది. పది పన్నెండేళ్ల కిందటి గూగుల్ గ్లాస్‌కు, దీనికి ఉన్న పెద్ద తేడా సాంకేతికతలో లేదు. ఇది చూడ్డానికి కళ్లజోడులా ఉంది, అది లేదు. ముఖానికి పెట్టుకునే వస్తువును ముందు అద్దంలో చూసుకుంటారు, తర్వాతే ఫీచర్లు. ఆ సంగతి సిలికాన్ వ్యాలీకి అర్థం కావడానికి ఒక కళ్లజోళ్ల కంపెనీ కావాల్సి వచ్చింది. చూపులేనివాళ్లకు ఇది నిజంగా పనికొస్తోంది. బీ మై ఐస్ సేవ ద్వారా ఎదుట ఉన్నదేమిటో స్వచ్ఛంద సేవకులు చూసి చెప్పే ఏర్పాటు ఇందులో ఉంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.

2025 సెప్టెంబర్లో వచ్చిన మెటా రే-బాన్ డిస్‌ప్లేలో కుడి కంటి అద్దంలో చిన్న స్క్రీన్ చేరింది. బరువు 69 గ్రాములు, బ్యాటరీ ఆరు గంటలు. దానితో ఇచ్చే మణికట్టు పట్టీ ఇంకా ఆసక్తికరమైనది. వేళ్లు కదిలించేటప్పుడు ముంజేతి కండరాల్లోకి వెళ్లే విద్యుత్ సంకేతాలను అది చర్మం మీది నుంచే పట్టుకుంటుంది. చేయి పైకెత్తక్కర్లేదు, మాట్లాడక్కర్లేదు. బొటనవేలు, చూపుడువేలు కలిపితే క్లిక్. నలుగురిలో ఉన్నప్పుడు గాల్లో చేతులూపడం, అద్దాలతో మాట్లాడటం ఇబ్బందిగా అనిపించేవాళ్లకు ఈ పద్ధతి సరిపోతుంది. కళ్లజోడు గెలిచినా ఓడినా ఈ పట్టీ మాత్రం వేరే వస్తువుల్లోకి పాకుతుందని అనుకోవచ్చు.

ఎదుటివాళ్ల గొడవ తీరలేదు. రికార్డు చేస్తున్నప్పుడు ముందువైపు చిన్న తెల్ల లైటు వెలుగుతుంది. లైటును మూసి ఉంచితే రికార్డింగ్ మొదలవకుండా ఏర్పాటూ ఉంది. అయితే ఆ లైటునే పనిచేయకుండా మార్పించుకుంటున్నవాళ్ల గురించి వార్తలొచ్చాయి. 2024లో ఇద్దరు విద్యార్థులు ఈ అద్దాల వీడియోను ముఖాలు వెతికే సైటుతో కలిపి, దారినపోయేవాళ్ల పేర్లు, చిరునామాలు నిమిషాల్లో లాగొచ్చని ప్రదర్శించారు. కొనేవాళ్ల ఇష్టంతో సంబంధం లేకుండా కొననివాళ్లను కూడా ఇరికించే గ్యాడ్జెట్ ఇది. ఫోన్ ఎత్తి పట్టుకుంటే వీడియో తీస్తున్నారని ఎదుటివాళ్లకు తెలుస్తుంది. అద్దాలకు ఆ సౌలభ్యం లేదు.

ఒంటి మీది కొలతలు

వాచీలు, ఉంగరాలు వేరే దారిలో పోతున్నాయి. ఔరా లాంటి ఉంగరాలు ముందునుంచీ ఉన్నా, 2024లో శాంసంగ్ గెలాక్సీ రింగ్‌తో ఇవి పెద్ద కంపెనీల చేతికొచ్చాయి. వీటన్నిటి మూలం ఒకటే. చర్మంలోకి వెలుగు పంపి, తిరిగి వచ్చిన వెలుగు గుండె కొట్టుకున్నప్పుడల్లా ఎలా మారుతోందో కొలవడం. ఆకుపచ్చ వెలుగును రక్తం బాగా పీల్చుకుంటుంది కాబట్టి నాడి లెక్కకు దాన్ని వాడతారు. ప్రధానంగా ఆ సంకేతం నుంచే, కదలికల్లాంటి ఒకటి రెండు కొలతలు కలిపి, నిద్ర, ఒత్తిడి, అలసట అన్నీ అంచనా వేస్తారు. ఇందులో కొలతెంత, అంచనా ఎంత అన్నది యాప్‌లో విడిగా కనబడదు.

యాపిల్ వాచ్‌లో 2025లో అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ అనుమతితో వచ్చిన రక్తపోటు హెచ్చరికను దగ్గర్నుంచి చూస్తే ఇది తెలుస్తుంది. వాచ్ రక్తపోటు అంకె చెప్పదు. నెల రోజుల పాటు నాడి తరంగాల తీరు చూసి, బీపీ ఉండొచ్చనిపిస్తే చెబుతుంది. యాపిల్ సొంత పరీక్షలోనే బీపీ ఉన్న వందమందిలో సుమారు 41 మందినే అది పట్టుకోగలిగింది. లేనివాళ్లలో దాదాపు 92 శాతం మందికి తప్పుడు హెచ్చరిక ఇవ్వలేదు. అంటే హెచ్చరిక వస్తే చేతికి పట్టీ కట్టే బీపీ యంత్రంతో చూసుకుని డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. రాకపోతే బీపీ లేదని మాత్రం అనుకోకూడదు, సగానికి పైగా కేసులు దాని కంట పడవు. ఏ లక్షణాలూ లేకుండా పెరిగే బీపీని లక్షలమంది చేతి మీద ఉన్న వస్తువు కొందరిలోనైనా ముందే పట్టుకోవడం మేలే. దాన్ని ఆరోగ్య ధ్రువపత్రంలా చూడటంతోనే ప్రమాదం. షుగర్ విషయంలో ఇంకా గట్టిగా చెప్పాలి. చర్మాన్ని గుచ్చకుండా గ్లూకోజ్ కొలుస్తామనే వాచీలు, ఉంగరాలు వాడొద్దని ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. అలాంటి దేనికీ అది అనుమతివ్వలేదని ఆ హెచ్చరికలోనే చెప్పింది. ఇన్సులిన్ మోతాదును అలాంటి అంకె చూసి నిర్ణయిస్తే ప్రాణాల మీదికొస్తుంది.

ఈ మొత్తంలో తక్కువ చప్పుడుతో ఎక్కువమందికి పనికొచ్చేది ఇయర్‌బడ్స్ కావొచ్చు. 2024 సెప్టెంబర్లో ఎయిర్‌పాడ్స్ ప్రో 2ను వినికిడి యంత్రంగా మార్చే సాఫ్ట్‌వేర్‌కు ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. కొద్దిపాటి నుంచి మధ్యస్థంగా వినికిడి తగ్గిన పెద్దవాళ్లకు పనికొస్తుంది. చెవి యంత్రం పెట్టుకోవాలంటే వయసైపోయిందని బయటపడుతుందేమోనన్న బిడియం చాలామందిలో ఉంటుంది. ఇయర్‌బడ్స్‌కు ఆ బిడియం లేదు. ఇబ్బందల్లా బ్యాటరీతోనే, అసలైన వినికిడి యంత్రంలా రోజంతా రాదు.

సిగ్నల్ లేని చోట ఉపగ్రహం ద్వారా మెసేజీ పంపడం 2022లో ఐఫోన్ 14తో అత్యవసర సాయంగా మొదలైంది. అప్పట్లో ఫోన్‌ను ఆకాశంలో ఫలానా వైపు తిప్పి పట్టుకోవాల్సి వచ్చేది. స్టార్‌లింక్ ఉపగ్రహాలు నేరుగా మామూలు ఫోన్లతోనే మాట్లాడే సేవ అమెరికాలో టీ-మొబైల్ ద్వారా 2025 జులైలో మొదలైంది. ఫోన్ ప్రసారశక్తి సుమారు వాట్‌లో ఐదో వంతు, ఉపగ్రహం గంటకు 27,000 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. ఆ పరిస్థితుల్లో మెసేజీ చేరడమే గొప్ప, ఇంటి వైఫై వేగం ఆశించకూడదు. కొండల్లో, సముద్రం మీద, తుపానుకు టవర్లు కూలిన చోట దీని విలువ తెలుస్తుంది.

ఎంతకాలం వాడతారు

ఫోన్ల ప్రకటనల్లో పెద్దగా కనబడని మార్పు ఆయుష్షుది. 2023లో పిక్సెల్ 8తో గూగుల్, మరుసటి జనవరిలో ఎస్24తో శాంసంగ్ ఏడేళ్ల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇస్తామన్నాయి. అంతకు కొన్నేళ్ల ముందు రెండు మూడేళ్లు వస్తే అదే గొప్ప. 2025 జూన్ 20 నుంచి యూరోపియన్ యూనియన్‌లో అమ్మే కొత్త ఫోన్లకు నిబంధనలు మారాయి. బ్యాటరీ 800 సార్లు ఛార్జ్ అయ్యాక కూడా 80 శాతం నిలవాలి, అమ్మకం ఆగిన తర్వాత కనీసం ఐదేళ్లు ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు ఇవ్వాలి, ఏడేళ్లపాటు ముఖ్యమైన విడిభాగాలు దొరకాలి. ఎంత తేలిగ్గా రిపేరు చేయొచ్చో చెప్పే గ్రేడు పెట్టెతో పాటు రావాలి. ఫ్రిజ్‌ల మీద ఉండే స్టార్ రేటింగ్ తరహా లేబుల్ ఫోన్‌కూ వచ్చిందన్నమాట. ఒక ప్రాంతం కోసం మార్చిన డిజైన్‌ను మిగతా ప్రపంచానికి వేరేగా తయారుచేయడం ఖర్చు కాబట్టి వీటి ఫలితం అక్కడితో ఆగదు. యూరప్ తప్పనిసరి చేసిన యూఎస్‌బీ-సీ ఛార్జింగ్ పోర్టు విషయంలో జరిగింది అదే.

అయితే ఏడేళ్ల మాటలో ఒక మెలిక ఉంది. ఆ హామీ సెక్యూరిటీకి, ఆపరేటింగ్ సిస్టమ్‌కు వర్తిస్తుంది. కొత్త ఏఐ ఫీచర్లన్నీ పాత ఫోన్‌కు వస్తాయని ఎవరూ మాటివ్వలేదు, 6 జీబీ ఐఫోన్‌కు జరిగింది అదే. సాఫ్ట్‌వేర్ సంఖ్య ఒకటే అయినా లోపల దొరికేవి ర్యామ్‌ను బట్టి వేరవుతాయి. ఎక్కువకాలం వాడుకుందామని ఫోన్ కొనేవాళ్లు అప్‌డేట్ల ఏళ్లతోపాటు ర్యామ్ ఎంతో, బ్యాటరీ మార్పించుకోవడానికి ఎంతవుతుందో కూడా కొనే రోజే కనుక్కోవాలి. మూడో ఏడాదిలో ఫోన్ నెమ్మదించినట్టు అనిపిస్తే బ్యాటరీ కారణమయ్యే అవకాశం ఎక్కువ. బ్యాటరీ బలహీనపడితే ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోకుండా ఉండేందుకు సాఫ్ట్‌వేరే ప్రాసెసర్ వేగం తగ్గించే ఏర్పాటు కొన్ని ఫోన్లలో ఉంటుంది. సెట్టింగుల్లో బ్యాటరీ హెల్త్ 80 శాతం కంటే తక్కువ చూపిస్తుంటే కొత్త ఫోన్ ధరలు చూసే ముందు కొత్త బ్యాటరీ ధర అడగడం మంచిది.